ఫైర్ డిస్ట్రిక్ట్‌లో చేరుతున్న అక్క కొడుక్కి

చిన్నా,

నీకు ఫైర్ డిస్ట్రిక్ట్‌లో, అదే మంటలార్పే స్థానిక ప్రభుత్వ సంస్థలో, ఉద్యోగం ఖాయమైందని అక్క ఫోన్ చేసి చెప్పింది. చెబుతూనే "అకాడమీ అయిపోయింది కదే, ఇంకా ఏవేవో ట్రైనింగులంటున్నాడు" అని టెన్షన్ పడింది. అవి ఈ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఉంటాయని అమ్మకు నువ్వే నెమ్మదిగా చెప్పు. కాలిఫోర్నియాలోనే ఒక ఫైర్ డిస్ట్రిక్ట్ ఆఫీసులో ఈ ట్రైనింగ్ రికార్డులే చూసి రిటైరైన దాన్ని కాబట్టి, నాకు తెలిసింది రాస్తున్నా.

ఈ తప్పనిసరి ట్రైనింగులన్నీ ఒకే చోటినుంచి రావు. కొన్ని క్యాల్ ఓషా (పనిచోట భద్రత చూసే మన రాష్ట్ర సంస్థ) అడిగేవి, కొన్ని రాష్ట్ర చట్టాలు అడిగేవి, కొన్ని ఫీమావి (విపత్తులు చూసే కేంద్ర సంస్థ), ఈఎంటీ కార్డు, అంటే అత్యవసర వైద్య సాయం చేసేందుకు ఇచ్చే కార్డు, సంగతి మీ లోకల్ ఈఎంఎస్ (అత్యవసర వైద్య సేవల) ఏజెన్సీ చూస్తుంది. ఒక్కోదానికి ఒక్కో గడువు. ఎవరో గుర్తు చేస్తారులే అని కూర్చోకుండా మొదటి వారంలోనే ట్రైనింగ్ కెప్టెన్‌ని అడిగి, నీ పోస్టుకు ఏవేవి కావాలో, ఏది ఎప్పటిలోగా చేయాలో ఈమెయిల్‌లో తెప్పించుకో. టెక్సస్‌లో ఉన్న నీ ఫ్రెండ్ మాట పట్టుకోకు. ఫెడరల్ ఓషా లోకల్ గవర్నమెంటు ఉద్యోగుల జోలికి రాదు, మన రాష్ట్రానికి సొంత ఓషా ఉంది గనుక మన లెక్క వేరు.

అన్నిటికంటే ముందు మాస్కు. పొగలోకి వెళ్ళేటప్పుడు పెట్టుకునే ఎయిర్ మాస్కుకి ఏడాదికోసారి ఫిట్ టెస్ట్ చేయాలి, మాస్కు మోడల్ మారినా, నీ బరువు బాగా పెరిగినా తగ్గినా మళ్ళీ చేయాలి. మాస్కు అంచు ముఖానికి ఆనే చోట వెంట్రుక ఉండకూడదు, మీసం ఆ అంచుదాకా రాకపోతే ఫరవాలేదు. ఇది నీకెందుకు చెబుతున్నానంటే, నువ్వు అయ్యప్ప మాల వేస్తావు కదా, ఆ నలభై ఒక్క రోజులూ గడ్డం తీయవు. గడ్డంతో ఇంజిన్ ఎక్కనివ్వరు, ఇందులో ఎవరికీ నీ భక్తి మీద కోపం లేదు, సీలు పడకపోతే పొగ లోపలికి పోతుంది, అంతే. మాల వేయాలనుకుంటే నెలల ముందే చీఫ్‌తో, ఇక్కడి గురుస్వామితో మాట్లాడుకో, సెలవులు కూడబెట్టుకో. దీక్ష మొదలయ్యాక మాట్లాడితే ఇద్దరికీ ఇబ్బందే.

రక్తం ద్వారా వచ్చే జబ్బుల క్లాసు ఏటా ఉంటుంది. చాలామంది వీడియో ఒక పక్కన పెట్టి ఫోన్ చూసుకుంటారు. నువ్వు మాత్రం, సూది గుచ్చుకుంటే వెంటనే ఎవరికి చెప్పాలి, ఎక్కడికి వెళ్ళాలి అన్న భాగం శ్రద్ధగా విను. వేధింపుల నివారణ క్లాసు మామూలు ఉద్యోగికి గంట, సూపర్‌వైజర్‌కు రెండు గంటలు, చేరిన ఆరు నెలల్లోపు ఒకసారి, తర్వాత రెండేళ్ళకోసారి. పని చోట హింస నివారణ గురించి 2024 జూలై నుంచి ఏటా ఇంకొకటి వచ్చి చేరింది. వీటిని స్టేషన్‌లో జోకులకు వాడుకునేవాళ్ళుంటారు, నువ్వు ప్రొబేషన్‌లో ఉన్నావు, నవ్వకు.

ఎమర్జెన్సీ కమాండ్ కోర్సులు బోరు కొడతాయి, ఒప్పుకుంటా. ఫీమా ఐఎస్-100, ఐఎస్-700 ఆన్‌లైన్‌లో ఉచితమే. ఆఫీసులో ఫైళ్ళు చూసుకునే నేనూ వాటిని చేశాను, ఎందుకంటే ఈ రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగి ఎవరైనా విపత్తు వస్తే పనికి పిలవదగినవాళ్ళే. వాటితోపాటు, విపత్తులో అన్ని శాఖలూ ఒకే పద్ధతిలో కలిసి పనిచేయడానికి సెమ్స్ అని మన రాష్ట్రానిదే ఒకటుంది. 1991లో ఓక్లండ్ కొండల మీద మంటల్లో 25 మంది పోయారు. బయటి ఊళ్ళనుంచి సాయానికి వచ్చిన ఇంజిన్ల గొట్టాలు రెండున్నర అంగుళాలవి, ఓక్లండ్ హైడ్రెంట్ల (మంటలార్పడానికి వీధుల్లో ఉండే నీటి కుళాయిల) మూతులు మూడు అంగుళాలవి, అడాప్టర్ లేకపోతే అతకవు. సమన్వయం దగ్గరా అలాంటి తంటాలే పడ్డారు. ఆ తర్వాతే సెమ్స్ వచ్చింది. దాన్ని పాటించని డిస్ట్రిక్ట్‌కి విపత్తులో సిబ్బంది మీద పెట్టిన ఖర్చు రాష్ట్రం తిరిగి ఇవ్వకపోవచ్చు. మీ చీఫ్ ఈ సర్టిఫికెట్ కోసం వెంటపడేది అందుకే.

ఈఎంటీ కార్డు రెండేళ్ళకు, 24 గంటల క్లాసులు కావాలి, ఆఖరి నెలలో వెతుక్కుంటే దొరకవు. మా దగ్గర ఒక కుర్రాడు అలాగే గడువు దాటించుకుని ఇంజిన్ దిగాల్సి వచ్చింది, ఓవర్‌టైమూ పోయింది.

ఇక రికార్డు. డ్రిల్లు చేసి సంతకం పెట్టకపోతే ఆ డ్రిల్లు జరగనట్టే లెక్క. ఎవరికైనా దెబ్బ తగిలితే క్యాల్ ఓషా వాళ్ళైనా లాయరైనా ముందు అడిగేది ఆ కాగితమే. ఊళ్ళో ఇళ్ళ ఇన్సూరెన్స్ కోసం రేటింగ్ ఇచ్చే ఐఎస్‌ఓ వాళ్ళు కూడా ఒక్కొక్కరికి నెలకు 16 గంటల కంపెనీ ట్రైనింగ్ ఉందా అని చూస్తారు. ఆదివారం పూట కెప్టెన్ గొట్టాలు లాగించినప్పుడు నన్ను తిట్టుకోకు. తేదీ, గంటలు, ఇన్‌స్ట్రక్టర్ పేరు ఉన్నాయో లేదో చూసి ప్రతి సర్టిఫికెట్ కాపీ నీ దగ్గర పెట్టుకో, ఆఫీసు సాఫ్ట్‌వేర్ మారినప్పుడు పాతవి మాయమవడం నేను చూశాను. డ్యూటీ లేని రోజు క్లాసుకి డబ్బులిస్తారా అన్నది యూనియన్ ఒప్పందంలో చూసుకో. లైసెన్సు నిలబెట్టుకోవడానికి చట్టం అడిగే క్లాసులకు రూలు వేరుగా ఉంటుంది.

ఫీమా స్టూడెంట్ నంబరు ఈ వారమే తీసుకో, సొంత ఈమెయిల్‌తో తీసుకో, డిస్ట్రిక్ట్ మారినా నీతోనే ఉంటుంది. చీఫ్‌తో సెలవుల సంగతి మాట్లాడాక నాకు వాట్సాప్ చెయ్యి.

పిన్ని