లూపస్‌తో ఒంటరినైపోయాను, నాలాంటి వాళ్లు ఎక్కడ దొరుకుతారు?

ప్రశ్న: నా వయసు 29. ఖమ్మం దగ్గర ప్రైవేటు స్కూల్లో టీచర్ని. పెళ్లై నాలుగేళ్లు. రెండేళ్ల కిందట లూపస్ అని తేలింది, కిడ్నీల మీద కొంచెం ప్రభావం ఉందన్నారు. హైదరాబాద్‌లో రుమటాలజిస్టుకు (కీళ్లు, లూపస్ లాంటి జబ్బుల డాక్టరు) చూపించుకుంటూ హైడ్రాక్సీక్లోరోక్విన్, మైకోఫినలేట్, చిన్న డోసు ప్రెడ్నిసలోన్ (స్టెరాయిడ్) వాడుతున్నాను. పొద్దున లేస్తే ఒళ్లంతా బరువు. మా అత్తమ్మ 'పైకి బాగానే ఉన్నావు కదా, ఎప్పుడు చూసినా పడుకునే ఉంటావు, పిల్లల సంగతేంటి' అంటుంది. మా వారు మంచివారే కానీ ఏమీ మాట్లాడరు. చెల్లి పెళ్లి కావాలి కాబట్టి ఎవరికీ చెప్పొద్దని అమ్మ ఒట్టు వేయించుకుంది. ఒక వాట్సాప్ గ్రూపులో చేరితే, ఒకామె తిప్పతీగ కషాయం తాగి మందులన్నీ మానేశానని రాసింది. ఇంకొకరు డయాలసిస్ ఫొటోలు పెట్టారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా బాధ అర్థమయ్యే మనుషులు ఎక్కడ దొరుకుతారో చెప్పగలరా?

జవాబు: మీ నీరసం బద్ధకం కాదు. ఈ సంగతి మీకు తెలుసు, మీ ఇంట్లో వాళ్లకే తెలియదు. లూపస్ అంటే రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే తిరగబడటం. అలాంటప్పుడు నిద్రపోయినా తీరని అలసట ఉంటుంది. దానికి తోడు ప్రెడ్నిసలోన్ వల్ల బుగ్గలు ఉబ్బి ముఖం నిండుగా కనిపిస్తుంది. చూసినవాళ్లు 'ఒళ్లు చేశావు, బాగున్నావు' అనేది అందుకే. మీకు మాత్రం మెట్లెక్కడమే గగనం. అయితే ప్రతి నీరసాన్నీ లూపస్ ఖాతాలో వేసేయకండి. రక్తహీనత, థైరాయిడ్, విటమిన్ డి తక్కువ కావడం, నిద్రలేమి, దిగులు కూడా తోడవుతుంటాయి. ఇవన్నీ వెతికితే దొరికేవి, చాలా వరకు సరిచేయగలిగేవి. వచ్చే ఓపీలో 'నీరసానికి వేరే కారణం ఏమైనా ఉందేమో చూస్తారా' అని నోరు తెరిచి అడగండి. అడగకపోతే ఆ హడావుడిలో కిడ్నీ రిపోర్టు ఒక్కటే చూసి పంపించేయవచ్చు.

ఇక తోడు సంగతి. ఒక్క మనిషో ఒక్క గ్రూపో అన్ని అవసరాలూ తీర్చాలని చూస్తే నిరాశే మిగులుతుంది. మందుల గురించి డాక్టరు, ఇంటి పని గురించి ఇంట్లో వాళ్లు, 'నాకూ ఇలాగే ఉంటుంది' అనే మాటకు అదే జబ్బు ఉన్న మనిషి. ఎవరి దగ్గర ఏం అడగాలో తేల్చుకుంటే మీకు కావలసిన మనుషులు చాలామంది అక్కర్లేదు. నలుగురైదుగురు చాలు.

ఆ గ్రూపు విషయం ముందు తేల్చేద్దాం, మీ నిద్ర పాడుచేసింది అదే కాబట్టి. వందల మంది ఉండే గ్రూపుల్లో రాసేవాళ్లలో ఎక్కువమంది జబ్బు తిరగబెట్టినవాళ్లు, భయపడుతున్నవాళ్లు. కుదుటపడినవాళ్లు ఉద్యోగాలకు వెళ్తుంటారు, వంట చేసుకుంటుంటారు, గ్రూపులో రాయరు. అందుకే అక్కడ చదివితే లూపస్ ఉన్న ప్రతివాళ్లూ డయాలసిస్‌కే వెళ్తారనిపిస్తుంది. నిజం అది కాదు. కిడ్నీ ప్రభావాన్ని ముందుగా పట్టుకుని మందులు మానకుండా వాడినవాళ్లలో చాలామందికి కిడ్నీలు నిలబడతాయి.

మందులు మానేసి బాగున్నానన్న ఆమె సంగతి. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఒంట్లోకి నెమ్మదిగా ఎక్కుతుంది, అంతే నెమ్మదిగా దిగుతుంది. మాత్ర మానేసినా శరీరంలోంచి పూర్తిగా పోవడానికి నెలలు పడుతుంది. అందుకే మానిన మొదటి వారాల్లో ఏ తేడా కనబడదు, బాగుండటమంతా కషాయం చలవే అనిపిస్తుంది. జబ్బు తిరగబెట్టేది ఆ తర్వాత. అప్పటికి ఆ పోస్టు వందమంది ఫోన్లలోకి పోయి ఉంటుంది. ఇక తిప్పతీగ రోగనిరోధక శక్తిని రెచ్చగొడుతుందని పేరు. మీ ఒంట్లో ఇబ్బందే ఆ శక్తి అదుపు తప్పడం. దాన్ని ఇంకా ఎగదోసే పని ఎందుకు? కోవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబై డాక్టర్లు 2021లో వైద్య పత్రికలో ప్రచురించారు. వాళ్లలో అప్పటికే ఆటోఇమ్యూన్ (రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే తిరగబడే) ధోరణి ఉన్నవాళ్లూ ఉన్నారు. ప్రెడ్నిసలోన్ అయితే ఒక్కసారిగా అసలే మానకూడదు. నెలల తరబడి వాడితే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ మందగిస్తుంది. హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి వాంతులు, తీవ్రమైన నీరసంతో ప్రాణం మీదికి రావచ్చు. తగ్గించేది డాక్టరే, మెట్టు మెట్టుగా. గ్రూపులో ఇంకొకరి డోసు చూసి మీది సరిపోల్చుకోవడమూ వద్దు. హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను మనిషి బరువును బట్టి ఇస్తారు, మామూలుగా కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములు దాటకుండా. 48 కిలోల మనిషి డోసు 70 కిలోల మనిషికి ఎలా సరిపోతుంది?

మరి ఆ జబ్బు ఉన్న మంచి తోడు ఎక్కడ? మీరు నెలకో రెండు నెలలకో వెళ్లి కూర్చునే ఓపీ హాల్లోనే. రుమటాలజీ ఓపీ బయట బెంచీల మీద మూడు గంటలు ఎదురుచూసేవాళ్లలో మీ వయసు ఆడపిల్లలు ఎంతమంది ఉంటారో ఈసారి గమనించండి. లూపస్ ఎక్కువగా వచ్చేది ఆడవాళ్లకే, పది మందిలో తొమ్మిది మంది వాళ్లే. అదీ ఎక్కువగా 15 నుంచి 45 ఏళ్ల మధ్య. మాట కలపడానికి జబ్బు పేరు ఎత్తక్కర్లేదు. 'ఎక్కడి నుంచి వచ్చారు, ఏ బస్సుకు వచ్చారు' అంటే చాలు, మిగతాది ఆ మూడు గంటలే చూసుకుంటాయి. అవతలివాళ్ల నంబరు మాత్రం మీరు అడగకండి. మీ నంబరు రాసిచ్చి 'మాట్లాడాలనిపిస్తే చేయండి' అనండి. ఒట్టు వేయించుకున్న అమ్మలు వాళ్లకూ ఉండొచ్చు, నంబరు అడిగితే బెదిరిపోతారు. ఇంకో దారి: సిస్టర్‌కో డాక్టరుకో చెప్పండి, 'మా ఖమ్మం, కొత్తగూడెం వైపు నుంచి వచ్చే లూపస్ పేషెంట్లు ఎవరైనా ఇష్టపడితే నా నంబరు ఇవ్వండి' అని. పేషెంట్ల వివరాలు వాళ్లు మీకు ఇవ్వకూడదు, మీ నంబరు వాళ్లకు చేరవేయడంలో తప్పు లేదు. దగ్గర ఊరి మనిషి దొరికితే 200 కిలోమీటర్ల ప్రయాణానికి తోడూ అవుతుంది.

ముగ్గురు నలుగురు పోగయ్యాక చిన్న గ్రూపు పెట్టుకోవచ్చు. ఆరేడుగురు దాటనివ్వకండి. మొదటి రోజే కట్టుబాట్లు చెప్పుకోండి: డోసుల మాట వద్దు, రిపోర్టుల ఫొటోలు వద్దు, కషాయాల ఫార్వర్డులు వద్దు, ఒకరి సంగతి గ్రూపు దాటి పోకూడదు. మరి ఏం మాట్లాడుకోవాలి? మైకోఫినలేట్ స్ట్రిప్పు ఎక్కడ తక్కువకు దొరుకుతోంది, హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడేవాళ్లు చేయించుకునే కంటి పరీక్షకు వెళ్తే చుక్కలు వేస్తారు కాబట్టి వచ్చేటప్పుడు తోడు ఎవరు, స్కూల్లో లీవు ఎలా అడిగావు, అత్తగారింట్లో వ్రతం రోజు ఎలా గట్టెక్కావు, ఇలాంటివి. ఇవి ఏ డాక్టరూ చెప్పలేడు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. జ్వరం 100.4 దాటినా, పాదాలు వాచినా, మూత్రంలో నురగ ఎక్కువైనా, ఊపిరి అందకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆ కబురు వెళ్లాల్సింది గ్రూపుకు కాదు, డాక్టరుకు. మీరు వాడే మందులు ఇన్‌ఫెక్షన్‌ను కప్పిపెడతాయి. జ్వరం లూపస్‌దా ఇన్‌ఫెక్షన్‌దా అన్నది పరీక్ష చేస్తే తప్ప తేలదు. ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో డైక్లోఫినాక్ కొనేసి మింగడమూ వద్దు, మీ కిడ్నీలకు అది చేటు.

ఇప్పుడు ఇంటికి వద్దాం. అన్నిటికంటే కష్టమైనది ఇదే, అన్నిటికంటే ఫలితం ఇచ్చేదీ ఇదే.

మీ వారు మాట్లాడకపోవడానికి కారణం పట్టించుకోకపోవడం కాకపోవచ్చు. ఏం చేయాలో తెలియని మగవాళ్లు చాలామంది నోరు మూసుకుంటారు. 'నన్ను అర్థం చేసుకోండి' అంటే ఆయన చేయగలిగింది ఏమీ కనబడదు. దానికి బదులు ఒక పని అప్పగించండి. వచ్చే ఓపీకి ఆయన్ని లోపలికి తీసుకెళ్లండి, బయట ఫైలు పట్టుకుని నిలబడే మనిషిగా కాదు. ఆయనే అడగాల్సిన ప్రశ్నలు మూడు ముందే రాసివ్వండి: ఈ నీరసం ఎందుకు, ఎన్నాళ్లు? మూత్రంలో ప్రోటీన్ పరీక్ష ఎన్ని నెలలకోసారి? పిల్లల గురించి ఎప్పుడు ఆలోచించవచ్చు? డాక్టరు నోటి నుంచి వచ్చిన మాట ఆయన ఇంటికెళ్లి చెబితే అత్తమ్మ వింటారు. అదే మాట మీరు చెబితే సాకులా వినిపిస్తుంది. అన్యాయమే, కానీ చాలా ఇళ్లలో జరిగేది ఇదే కాబట్టి దాన్ని మీ పక్షాన వాడుకోండి. ఆ రోజు నుంచి పరీక్షల తేదీలు, రిపోర్టుల ఫైలు ఆయన బాధ్యత. కిడ్నీ దెబ్బతింటున్నప్పుడు మొదట్లో నొప్పి ఉండదు, తెలిసేది ఆ పరీక్షలోనే. అందుకే తేదీ తప్పకూడదు.

పిల్లల సంగతి ఆయనకు స్పష్టంగా తెలియాలి. మైకోఫినలేట్ కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. అది వాడుతున్నంత కాలం గర్భం రాకుండా జాగ్రత్త తప్పనిసరి, ఏ పద్ధతి అన్నదీ డాక్టరును అడిగే తేల్చుకోండి. ఎందుకంటే కొన్ని రకాల గర్భనిరోధక మాత్రలు లూపస్‌లో రక్తం గడ్డకట్టే ముప్పు పెంచుతాయి. బిడ్డ కావాలనుకున్నప్పుడు గర్భానికి కనీసం ఆరు వారాల ముందే దాన్ని ఆపి, అజథయోప్రిన్ లాంటి మందుకు మారుస్తారు. జబ్బు కనీసం ఆరు నెలలు అణిగి ఉండాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రం గర్భంలోనూ కొనసాగిస్తారు. అంటే పిల్లలు పుట్టరని కాదు, ముందుగా ప్లాన్ చేసుకోవాలని. అత్తమ్మ అడిగిన ప్రతిసారీ జవాబు ఇవ్వాల్సింది మీరు కాదు, కొడుకు. 'డాక్టరు ఇంకా కొన్ని నెలలు ఆగమన్నారమ్మా' అని ఆయన ఒక్కసారి గట్టిగా అంటే, రోజూ మీరు మింగే మాటలు సగం తగ్గుతాయి.

అత్తమ్మతో జబ్బు గురించి వాదించకండి. పని గురించి మాట్లాడండి, అదీ మీకు ఓపిక ఉన్న రోజున. 'అత్తమ్మా, పొద్దున పూట నాకు వేళ్లు బిగుసుకుపోతాయి, గంట తర్వాత సర్దుకుంటుంది. పొద్దున టిఫిన్ మీరు చూడండి, రాత్రి వంట, గిన్నెలు నేను చూసుకుంటా' అనండి. 'నాకు చేతకాదు' అనే మాటకూ దీనికీ చాలా తేడా ఉంది. ఇందులో మీరు చేసేది కూడా ఉంది. ఒప్పుకున్న పని మీరు తప్పకుండా చేయండి, నమ్మకం అక్కడి నుంచే మొదలవుతుంది. లేవలేని రోజు వస్తే అది ముందు రోజు పెళ్లికో జాతరకో వెళ్లి వచ్చిన అలసటలా వాళ్లకు కనిపిస్తుంది. కాబట్టి పెద్ద పని ఉన్న రోజుకు ముందు, తర్వాత ఒక్కో పూట ఖాళీ పెట్టుకోవడం మీ చేతిలో ఉన్న పని.

మీ అమ్మ వేయించుకున్న ఒట్టు గురించి. ఆమె భయం అర్థమవుతుంది. అయినా లూపస్ అంటువ్యాధి కాదు, చెల్లికి తప్పకుండా వచ్చేదీ కాదు. తోబుట్టువులకు అవకాశం కాస్త ఎక్కువే అయినా చాలామందికి రాదు. ఊరంతటికీ చెప్పనక్కర్లేదు. కానీ స్కూల్లో ఒక్కరికి తెలియాలి, హెడ్‌మిస్ట్రెస్‌కు గానీ పక్క క్లాసు టీచరుకు గానీ. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే 'నాకు ఎండ పడదు, కీళ్ల జబ్బుకు మందులు వాడుతున్నాను' అంటే అబద్ధమేమీ కాదు. అడగాల్సినవి కూడా చిన్నవే: పొద్దున ప్రార్థనలో నీడలో నిలబడటం, కింది అంతస్తులో క్లాసు, కూర్చుని చెప్పడానికి కుర్చీ. ఎండ లూపస్‌ను ఎగదోస్తుంది. ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ ముఖానికి, మెడకు, చేతులకు బయల్దేరే ముందు రాసి, బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. పెసరగింజంత రాస్తే లాభం లేదు, ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవున పిండుకోవాలి.

ఖర్చు భారమైతే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గర ఆరోగ్యశ్రీలో మీ చికిత్సలో ఏది వస్తుందో అడగండి. అది అడగడమూ సహాయం వెతుక్కోవడమే.

చివరిగా మీ మనసు. రెండు వారాలకు మించి దిగులు, నిద్ర లేకపోవడం, దేని మీదా ఇష్టం లేకపోవడం ఉంటే రుమటాలజిస్టుకే ముందు చెప్పండి. ప్రెడ్నిసలోన్ వల్ల, కొన్నిసార్లు లూపస్ వల్లే మనసు మారుతుంది, అప్పుడు మందు సర్దాల్సి వస్తుంది. మధ్యలో ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416కు చేయండి. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. బతకాలని లేదనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే చేయండి, మీ వారికీ ఆ రోజే చెప్పండి.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ వారం రెండే పనులు: ఆ పెద్ద గ్రూపు నుంచి బయటికి రండి, వచ్చే ఓపీ తేదీకి మీ వారిని సెలవు పెట్టమనండి. పర్సులో ఒక కార్డు పెట్టుకోండి. దాని మీద జబ్బు పేరు, మీరు వాడే మందులు, ప్రెడ్నిసలోన్ ఆపకూడదన్న మాట, డాక్టరు నంబరు, మీ వారి నంబరు రాయండి. దారిలో ఏదైనా అయితే ముందు చూసేది అదే.