నాలుగో పేజీ చదివావా?

చిరంజీవి బుజ్జికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన రికార్డు కంపెనీ అగ్రిమెంటు రాత్రి రెండుసార్లు చదివాను. అడ్వాన్సు అంకె చూసి మీ అమ్మ మురిసిపోతోంది గానీ, నాకు నాలుగో పేజీ దగ్గర గుండె ఆగినంత పనైంది. నువ్వు పాడిన ప్రతి పాట మాస్టరూ, అంటే అసలు రికార్డింగూ, శాశ్వతంగా వాళ్ళదేనట. అడ్వాన్సూ ఊరికే ఇచ్చేది కాదురా. పాటల ఆదాయంలో నీకు రావాల్సిన వాటా, అదే రాయల్టీ, దాంట్లోంచి అదంతా రాబట్టుకునేదాకా నీ చేతికి పైసా రాదు. స్టూడియో ఖర్చూ ఆ ఖాతాలోనే రాస్తారు.

లాస్ ఏంజెలెస్ వచ్చిన కొత్తలో నేనూ ఒక కంపెనీకి కీబోర్డు వాయించి, 150 డాలర్లు తీసుకుని, చదవకుండా సంతకం పెట్టాను. ఆ ట్యూను ఇప్పటికీ ప్రకటనల్లో వినబడుతుంది. విన్నప్పుడల్లా టీవీ కట్టేస్తాను.

మా లాస్ ఏంజెలెస్ ర్యాపర్ నిప్సీ హసల్ అంటే నీకు ప్రాణం కదా. ఆయన పాటలతోపాటు లెక్కలు కూడా చూడు. ఎపిక్ రికార్డ్స్ కంపెనీ నుంచి 2010లో బయటికొచ్చి సొంత లేబుల్, అంటే సొంత రికార్డు కంపెనీ, మీద నిలబడ్డాడు. 2013 అక్టోబరులో 'క్రెన్షా' అనే మిక్స్‌టేప్‌ను, అంటే పాటల సంకలనాన్ని, ఆన్‌లైన్‌లో ఉచితంగా వదిలేసి, సీడీలు మాత్రం వెయ్యే వేయించి, ఒక్కోటి 100 డాలర్లకు అమ్మాడు. పేరున్న ర్యాపర్ జే-జీ ఒక్కడే వంద కొన్నాడు. ఉచితంగా దొరికే పాటకు అంత డబ్బు ఎవరిస్తారంటావా? తమ పేట గురించి ఏళ్ళ తరబడి నిజం పాడినవాడికి ఇచ్చారు. తర్వాత అట్లాంటిక్ అనే రికార్డు కంపెనీతో చేతులు కలిపినా, భాగస్వామిగానే కలిపాడు. తొలి స్టూడియో ఆల్బమ్ 'విక్టరీ ల్యాప్' 2018లో గానీ రాలేదు, గ్రామీ నామినేషన్ తెచ్చుకుంది. ఒకప్పుడు సీడీలు అమ్ముకున్న స్లాసన్-క్రెన్షా కూడలిలోనే బట్టల దుకాణం పెట్టాడు. 2019 మార్చి 31న దాని ముందే కాల్చి చంపేశారు. 33 ఏళ్ళు. మర్నాడు వెళ్ళి చూశాను, నేలంతా కొవ్వొత్తులూ పూలూ. నా కళ్ళు ఆగలేదు.

నువ్వు చెయ్యాల్సింది చెబుతాను. సంతకం ఆపు. వాళ్ళు చూపించే లాయరు కాదు, నీ డబ్బుతో నీ లాయరును పెట్టుకో. మాస్టర్లు అమ్మనని, కొన్నేళ్ళపాటు వాడుకునే లైసెన్సు మాత్రం ఇస్తానని అడుగు. రాతకూ బాణీకీ వచ్చే పబ్లిషింగు హక్కు వేరు, దాన్ని ఇందులో కలపనివ్వకు. నీకు బీట్ కట్టే కుర్రాడితో ఎవరి వాటా ఎంతో పాట పూర్తయిన రోజే కాగితం మీద రాసుకో. స్నేహం ఉంది కదా అని వదిలేస్తే, పాట హిట్టయ్యాక ఆ మాట ఎత్తడం కష్టం.

శనివారం ఫోన్ చెయ్యి. అగ్రిమెంటు పక్కనే పెట్టుకో, పేజీ పేజీ కలిసి చదువుదాం.

నీ మావయ్య