మెల్‌బోర్న్‌లో ఫో తినబోయే ముందు

ప్రశ్న: వచ్చే నెల మెల్‌బోర్న్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. ఫుట్‌స్క్రేలో వియత్నాం హోటల్‌కి తీసుకెళ్తానంటున్నాడు. మేం కోడి, చేప తింటాం గానీ గొడ్డుమాంసం, పందిమాంసం ముట్టం. చికెన్ ఫో (బియ్యపు నూడుల్స్ వేసిన వియత్నాం సూప్) చెప్పుకుంటే సరిపోతుందా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: పేరు చూసి ధీమాగా ఉండకండి. ఫోకి ప్రాణం సూప్. ఆవు ఎముకల్ని గంటల తరబడి మరిగించి, అందులో కాల్చిన అల్లం, ఉల్లిపాయ, అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగాలు వేస్తారు. చికెన్ ఫోకి కోడి ఎముకల సూప్ వేరుగా కాచే హోటళ్లున్నాయి. కొన్నిచోట్ల మాత్రం పొయ్యి మీద ఒకటే డేగిశా ఉంటుంది, ఆవు సూప్‌లోనే కోడి ముక్కలు వేసి ఇచ్చేస్తారు. కాబట్టి ‘చికెన్ ఉందా’ అని కాదు, ‘సూప్ కూడా చికెన్‌దేనా’ అని అడిగించండి.

అనుమానం తీరకపోతే సూప్ లేని వంటకం చెప్పుకోవడం మేలు. ‘బున్’ అంటే చల్లారిన సన్నటి బియ్యపు సేమియా. దాని మీద నిమ్మగడ్డి వేసి కాల్చిన కోడి, ఆకుకూరలు, వేరుశెనగపప్పు వస్తాయి. పక్కన చిన్న గిన్నెలో ఇచ్చే పులుపు–తీపి సాస్ పోసుకుని కలుపుకోవాలి. పైన వేయించిన రోల్ పెడితే దాని లోపల సాధారణంగా పందిమాంసమే ఉంటుంది, వద్దని ముందే చెప్పండి. నూకల అన్నం, కాల్చిన కోడి కలిపి ఇచ్చేది కూడా దొరుకుతుంది. మన నోటికి అది ఇట్టే నచ్చుతుంది.

ప్రశ్న: మా అత్తగారు శుద్ధ శాకాహారి. తోఫు (సోయా పనీర్) వేసిన ఫో తినొచ్చా? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మామూలు హోటల్లో వద్దు. తోఫు వేసినా సూప్ ఎముకలదే కావచ్చు. అంతకన్నా కనిపెట్టడం కష్టమైనది ఫిష్ సాస్. నెత్తళ్లను ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసే ఆ రసాన్ని కూరల్లో, సలాడ్‌లో, ముంచుకునే సాస్‌లో కూడా వేస్తారు. ‘మాంసం వద్దు’ అంటే వాళ్లు మాంసం తీసేస్తారు, సాస్ అలాగే ఉంటుంది. ‘ఫిష్ సాస్ కూడా వద్దు’ అని విడిగా చెప్పాలి.

బోర్డు మీద ‘చాయ్’ (chay, మన టీ కాదు) అని వియత్నాం భాషలో రాసి ఉన్న హోటల్ వెతకండి. అది బౌద్ధుల శాకాహారం. నియమంగా వండే చోట ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. మెనూలో చికెన్, బీఫ్ అని కనిపిస్తే కంగారు పడొద్దు, సోయాతోనో గోధుమ జిగురుతోనో చేసిన ముక్కలకు ఆ పేర్లు పెడతారు. గుడ్డు సంగతి మాత్రం అడగండి. వాళ్ల చాంద్రమాసంలో 1, 15 తేదీల్లో, అంటే దాదాపు మన అమావాస్య, పౌర్ణమి రోజుల్లో చాలామంది మాంసం మానేస్తారు. ఆ రోజుల్లో ఇలాంటి హోటళ్లకు కాస్త ముందుగా వెళ్లండి.

ప్రశ్న: ఫోతో పాటు పళ్లెంలో ఇచ్చే ఆకులు, మొలకలు ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు ఉత్త సూప్ రెండు చెంచాలు తాగి చూడండి. వేడి తగ్గకముందే పెసర మొలకలు వేస్తే పచ్చివాసన పోతుంది. తులసి జాతి ఆకులు తుంచి వేసి, నిమ్మకాయ కొద్దిగా పిండండి. ఎర్ర సాస్, నల్ల తీపి సాస్ గిన్నెలో పోస్తే అనాసపువ్వు వాసన చచ్చిపోతుంది. పక్క సాసర్‌లో వేసుకుని ముక్కల్ని అందులో ముంచుకోండి. కబుర్లలో పడి ఆలస్యం చేస్తే నూడుల్స్ సూప్ పీల్చుకుని ముద్దవుతాయి. ఇంటికి తెచ్చుకునేటప్పుడు రెండూ విడివిడిగా కట్టమనండి.