తాతయ్య జెడ్ అంటే మనవరాలు జీ అంటోంది, ఎవరిది తప్పు?

మీరు అడిగింది ఇదీ: డల్లాస్‌లో కిండర్‌గార్టెన్ చదువుతున్న మీ పాప, వీడియో కాల్‌లో తాతయ్య "ఎక్స్, వై, జెడ్" అనగానే "జెడ్ కాదు తాతయ్యా, జీ" అని సరిదిద్దింది. జెడ్పీ హైస్కూల్లో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి కదా, ఆయన చిన్నబుచ్చుకున్నారు. ఏది కరెక్టో చెప్పమన్నారు.

మీ నాన్నగారిది తప్పు కాదు. ముందు ఆయనకు ఫోన్ చేసి ఆ మాట చెప్పండి. పాపదీ తప్పు కాదు. ఇంగ్లీషు అక్షరాలు ఇరవై ఆరూ అందరికీ ఒకటే అయినా, కొన్నిటి పేర్లు ఊరిని బట్టి మారిపోతాయి. ఇది నేను పుస్తకాల్లో చదవకముందే చెవులతో నేర్చుకున్నాను. 2006 నుంచి ఏడేళ్ళు మాదాపూర్‌లో నైట్ షిఫ్టులో ఫోన్లు ఎత్తాను. విమాన టికెట్ల కస్టమర్ సపోర్ట్, ఎక్కువగా బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియా కాల్స్.

ఒక రాత్రి స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నుంచి ఒక పెద్దావిడ చేశారు. టికెట్ కోడ్ ఆరు అక్షరాలు. మూడోది నాకు "ఐ" అని వినిపించింది, అదే కొట్టాను. రికార్డు రాలేదు. మళ్ళీ చెప్పమన్నాను. ఈసారి "జై" అన్నట్టు వినపడింది. జై అనే అక్షరం ఎక్కడుంది? "వై" అయి ఉంటుందనుకుని వై కొట్టాను. మళ్ళీ రాలేదు. ఆవిడ కూతురి కాన్పుకి వెళ్ళాలి, తెల్లారితే ఫ్లైట్. గొంతులో టెన్షన్ తెలిసిపోతోంది, నాకూ చెమటలు పడుతున్నాయి. చివరికి ఆవిడే "జాన్, జేమ్స్, ఆ జై" అన్నారు. జె! స్కాట్లాండ్‌లో చాలామంది జె ని ఐ తో ప్రాస కుదిరేలా "జై" అంటారని ఆ రాత్రి తెలిసింది. అది యాసలో పాడైపోయిన మాట కాదు. జె అక్షరం పుట్టిందే ఐ లోంచి. ఫ్రెంచివాళ్ళు ఇప్పటికీ దాన్ని "జి" అనే పిలుస్తారు. పక్కనున్న "కె" ప్రభావంతో అది తర్వాత "జె" అయింది. అంటే ఆవిడ నోట ఉన్నదే పాత పేరు.

హెచ్ సంగతి ఇంకా లోతుగా ఉంటుంది. ఇంగ్లాండ్‌లో బడిలో నేర్పే పేరు "ఏచ్", ముందు హకారం ఉండదు. ఐర్లాండ్‌లో "హేచ్". ఉత్తర ఐర్లాండ్‌లోనైతే ఈ ఒక్క అక్షరం పలికిన తీరును బట్టి మనిషి ఏ వర్గమో ఊహించేవారు. ఏచ్ అంటే ప్రొటెస్టెంట్, హేచ్ అంటే కాథలిక్ అని. అక్కడ గొడవలు జరిగిన రోజుల్లో అలాంటి ఊహకు ఎంత బరువుండేదో ఆలోచించండి. మనం హాయిగా "హెచ్" అంటాం. నా హెచ్ విని ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్ కస్టమర్ ఒకాయన "మీకు చదువు చెప్పింది మావాళ్ళా?" అని ఆప్యాయంగా అడిగారు. ఎందుకలా అడిగారో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆస్ట్రేలియా వాళ్ళ "ఏ" కొత్తగా చేరినవాళ్ళకు "ఐ" లాగే వినపడేది. ఐర్లాండ్‌లో కొందరు ఆర్ ని "ఓర్" అంటారు. అలా చాలా ఉన్నాయి.

ఇక మీ జెడ్. గ్రీకు "జీటా" నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిన పేరు అది. జీ అమెరికాలో పుట్టిందని చాలామంది అనుకుంటారు గానీ, 1677లో థామస్ లై అనే ఆయన ఇంగ్లాండ్‌లో వేసిన స్పెల్లింగ్ పుస్తకంలోనే ఆ పేరు ఉంది. బీ, సీ, డీ వరసలో పిల్లల నోట అలా తిరిగి ఉంటుంది. 1828లో అమెరికాలో నోవా వెబ్‌స్టర్ తన డిక్షనరీలో జీ అనే పలకాలని రాశారు. 1835లో బోస్టన్‌లో ఏబీసీ పాట అచ్చయింది. ఆ పాటలో చివరి అక్షరం జీ అయితేనే ప్రాస కుదురుతుంది. మీ పాప స్కూల్లో పాడేది ఆ బాణీయే. కెనడా, ఆస్ట్రేలియా, మన దేశం మాత్రం జెడ్ వెంటే ఉన్నాయి.

రెండూ ఒప్పే అన్నాను గానీ, మన తెలుగువాళ్ళ నోటికి జెడ్డే మంచిదని నా గట్టి అభిప్రాయం. ఆ "జ్‌జ్" అని పళ్ళ దగ్గర జీరగా వచ్చే శబ్దాన్ని "ఈ" ముందు పలికే అలవాటు మనకు లేదు. అందుకే అమెరికా పద్ధతిలో చెబితే, ఎఫ్ తర్వాత వచ్చే జీ, వై తర్వాత వచ్చే జీ రెండూ మన నోట ఒకటైపోతాయి. కావాలంటే మన లిపిలోనే చూడండి. ఫోన్ సిగ్నల్ 5జీ, సీరియళ్ళు చూసే యాప్ జీ5. రాతలో ఒకే అక్షరం, ఇంగ్లీషులో రెండు వేర్వేరు అక్షరాలు. మన ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు యాస కోసం జెడ్ మానేసి జీ అనడం మొదలుపెడితే, కస్టమర్లు జెడ్ బదులు ఎఫ్ తర్వాత వచ్చే జీ రాసుకుని కోడ్ పనిచేయడం లేదని మళ్ళీ ఫోన్ చేసేవారు. పైగా జీ చేరితే "ఈ" తో ముగిసే అక్షరాలు తొమ్మిదవుతాయి: బీ, సీ, డీ, ఈ, జీ, పీ, టీ, వీ, మళ్ళీ జీ. మామూలు ఫోన్ లైను 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా శబ్దాన్నే మోస్తుంది, పైనున్నదంతా కోసేస్తుంది, అందుకే ఇవి ఒకదానిలా ఒకటి వినపడతాయి. ఆ గుంపులో జెడ్ ఒక్కటే వేరుగా నిలబడుతుంది.

ఈ తిప్పలకే పైలట్లు వాడే ఆల్ఫా, బ్రావో వరస 1956లో ఖాయమైంది. అందులో ఆల్ఫాని పిహెచ్ లేకుండా ఎఫ్‌తో రాస్తారు, పిహెచ్ అంటే ఎఫ్ అని అందరికీ తెలియదు కాబట్టి. జూలియట్ చివర రెండు టీలు పెట్టారు, ఒకటే ఉంటే ఫ్రెంచివాళ్ళు పలకకుండా వదిలేస్తారని. జెడ్ కి "జులు". ఆఫీసులో మాకు మొదటి వారమే ఇది నేర్పారు. మా నాన్న మాత్రం ఇప్పటికీ గ్యాస్ బుకింగ్‌కి "ఎన్ ఫర్ నెల్లూరు" అంటారు. ఇక్కడ అది చక్కగా పనిచేస్తుంది.

పాపకు జీ మాన్పించకండి, రేపు స్కూల్లో టీచర్‌కి అదే కావాలి. తాతయ్య పనిచేసిన బడి పేరు మాత్రం ఆయన చేతే చెప్పించండి. జెడ్పీ అంటే జిల్లా పరిషత్. దాన్ని పాప తన పద్ధతిలో పలికితే జీపీ అవుతుంది, ఊళ్ళో జీపీ అంటే గ్రామ పంచాయతీ. ఆ రెండు ఆఫీసులకూ తేడా ఏమిటో తాతయ్యను అడగమనండి. ఆదివారం కాల్ దానికే సరిపోతుంది.