ఐయానిక్ లిక్విడ్స్‌ని గ్లవ్స్ లేకుండా పట్టుకోవచ్చా?

"వాసన రాదు, ఆవిరి కాదు, గ్రీన్ సాల్వెంట్ (పర్యావరణానికి హాని చేయని ద్రావకం) అని మా సార్ అంటున్నారు, మరి గ్లవ్స్, హుడ్ (ఆవిర్లని బయటికి లాగేసే అర) దేనికి?" అని మీ ప్రశ్న. ఐయానిక్ లిక్విడ్స్ అంటే తక్కువ వేడికే ద్రవంగా మారే ఉప్పులు. పీహెచ్‌డీ మొదటి ఏడాది నేనూ ఇదే నమ్మాను.

బీఎంఐఎం పీఎఫ్6 అనే ఐయానిక్ లిక్విడ్ (బీఎంఐఎం దాని ధన అయాను, పీఎఫ్6 రుణ అయాను) చేసి, నీళ్లతో కడిగి, తొందరలో సరిగ్గా ఆరబెట్టకుండానే గాజు సీసాలో పోసి బెంచి మీద వదిలేశాను. కొన్ని నెలల తర్వాత తీసి చూస్తే సీసా లోపల మంచు పట్టినట్టు మసక, ఎంత కడిగినా పోదు, పీహెచ్ పేపర్ పెడితే ఎర్రబడింది. పీఎఫ్6 నీళ్లతో, అందులోనూ యాసిడ్ ఉన్నా వేడి తగిలినా, విరిగి హైడ్రోజన్ ఫ్లోరైడ్ (హెచ్‌ఎఫ్) ఇస్తుంది, గాజుని తినేసేది అదే. అలబామా యూనివర్సిటీలో రాబిన్ రోజర్స్ బృందం 2003లోనే ఈ సంగతి రాసింది, నేను చదవలేదు అంతే! బీఎఫ్4 అనే రుణ అయాను కూడా ఆ బాపతే. కాబట్టి ఈ రెండూ వాడేచోట హెచ్‌ఎఫ్ పడిన చోట రాసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ దగ్గర ఉండాలి. పలచటి హెచ్‌ఎఫ్ చర్మం మీద పడితే నొప్పి గంటల తర్వాత మొదలవుతుంది, అందుకే నొప్పి లేదని ఆగకుండా నీళ్లతో బాగా కడిగి, జెల్ రాసుకుని, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఎన్‌టీఎఫ్2 అనే ఇంకో రుణ అయాను నీళ్లకి విరగదు. అయితే మట్టిలో పడినా తొందరగా విరగదు, అది వేరే తలనొప్పి.

ఇక ఆవిరి కాదన్న మాట. అసిటోన్ బెంచి మీద ఒలికితే నిమిషంలో ఎగిరిపోతుంది, ఐయానిక్ లిక్విడ్ మాత్రం మీ గ్లవ్ మీద, అక్కణ్ణించి తలుపు పిడి మీద, ఫోన్ మీద అలాగే ఉండిపోతుంది. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, తడి అంటగానే మార్చేయండి. పొడిగా దొరికే బీఎంఐఎం క్లోరైడ్ గాలిలో తేమ లాగేసి జిగటగా అయిపోతుంది, అది నోట్లోకి పోతే విషమే.

తోక, అంటే ధన అయానుకి ఉండే కార్బన్ గొలుసు, పొడవు కూడా చూడండి. ఇథైల్ (2 కార్బన్లు) కంటే బ్యూటైల్ (4), దానికంటే ఆక్టైల్ (8) ఎక్కువ విషం, సబ్బులాగా కణం పొరలోకి దూరిపోతుంది కాబట్టి. ఇంగ్లండ్ ఈశాన్యంలో ఒక చెత్త డంపు పక్క మట్టిలో ఆక్టైల్ రకం దొరికింది, ల్యాబ్ పరీక్షల్లో అది కాలేయ కణాలని చంపింది. మనుషుల్లో కాలేయ జబ్బుకి అదే కారణమని తేలలేదు, అయినా సింక్‌లో పోయకండి, వేస్ట్ బాటిల్ వేరేగా, ప్లాస్టిక్‌ది పెట్టుకోండి.