బీఎస్సీ స్టాటిస్టిక్స్ చదివితే మా పాప ఏమైపోతుంది?

ప్రశ్న: సార్, మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. రొయ్యల సాగు చేస్తాను. పాప ఎంపీసీ మంచి మార్కులతో పాసైంది గానీ ఈఏపీసెట్‌లో ర్యాంకు అనుకున్నట్టు రాలేదు. మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్‌ఈ డేటా సైన్స్ సీటు ఇప్పిద్దామనుకుంటే, తను బీఎస్సీ స్టాటిస్టిక్స్ చదువుతానని మొండికేస్తోంది. మా తోడల్లుడి కొడుకు బీటెక్ చేసి బెంగళూరులో ఏడాదికి పన్నెండు లక్షలు తెచ్చుకుంటున్నాడు. ఈ రోజుల్లో ఎవరన్నా డిగ్రీ చదివిస్తారా అని బంధువులు అంటున్నారు. రెండిటిలో ఏది మేలు? స్టాటిస్టిక్స్‌కి ఉద్యోగాలున్నాయా? రేపు సంబంధాలు చూసేటప్పుడు ఇబ్బంది అవుతుందేమో కూడా చెప్పండి.

జవాబు: అన్నా, ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి ఈ ప్రశ్న కావలి నుంచీ ఒంగోలు నుంచీ వస్తూనే ఉంటుంది. కోర్సు పేరు మారుతుంది, అడుగున ఉన్న భయం మారదు. డిగ్రీ అంటే ఇంజినీరింగ్ సీటు దొరకని పిల్లలు చదివేదని నలుగురూ అనుకుంటారేమో అన్నదే ఆ భయం. మీరు రాసింది ఓసారి మళ్ళీ చదువుకోండి. తోడల్లుడి కొడుకు జీతం ఉంది, బంధువుల మాటలున్నాయి, పెళ్ళి కూడా ఉంది. పాపకు స్టాటిస్టిక్స్ ఎందుకు నచ్చిందో మాత్రం ఎక్కడా లేదు. అసలు అడిగారా? ఇంటర్ రెండో ఏడు లెక్కల్లో సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశులు అని చివర్లో కొన్ని పాఠాలుంటాయి. చాలా కాలేజీల్లో వాటిని ఫార్ములాలు బట్టీ వేయించి దాటించేస్తారు. ఆ పాఠాలు నచ్చి ఈ మాట అంటోందా, ఎంట్రన్స్‌లతో విసిగిపోయి తేలిక దారి అనుకుంటోందా? మొదటిదైతే చదివించండి. రెండోదైతే మాత్రం నేను కూడా వద్దంటాను, ఎందుకంటే ఇది తేలిక సబ్జెక్టు కాదు.

ముందు మీరు మోజుపడుతున్న డేటా సైన్స్ బీటెక్ గురించి. ఆ బ్రాంచి చెడ్డదని అనను. మంచి కాలేజీలో, కన్వీనర్ కోటాలో వస్తే చేరమనే చెబుతాను. నా అనుమానమల్లా బోర్డు మీద పేరు మార్చి సెక్షన్లు పెంచుకున్న కాలేజీల గురించే. చాలాచోట్ల పాఠం చెప్పేది పాత సీఎస్‌ఈ లెక్చరర్లే. నాలుగేళ్ళలో సంభావ్యత, స్టాటిస్టిక్స్‌కి దక్కేది ఒకటి రెండు పేపర్లు, మిగతాదంతా ప్రోగ్రామింగ్. పేరులో డేటా ఉన్నంత మాత్రాన డేటాని అనుమానించడం ఎవరూ నేర్పరు.

ఈమధ్య అదే బ్రాంచిలో మూడో ఏడు చదివే అబ్బాయి వచ్చాడు. ల్యాప్‌టాప్ తెరిచి, ఐదారు లైన్ల కోడు కొట్టి, తన మోడల్, అంటే డేటా చూసి జవాబు ఊహించే ప్రోగ్రామ్, నూటికి తొంభై ఏడు సార్లు సరైన జవాబు చెబుతోందని గర్వంగా చూపించాడు. బ్యాంకు లావాదేవీల్లో మోసం పట్టుకునే ప్రాజెక్టు అది. అతని డేటాలో నూటికి తొంభై ఏడు లావాదేవీలు మామూలువే. మోడల్ ఏం చేసిందంటే, ఏది ఇచ్చినా ‘మోసం కాదు’ అని చెప్పి ఊరుకుంది. ఒక్క మోసాన్నీ పట్టలేదు. ఆ సంగతి అతనికి తెలియదు, గైడుకీ తట్టలేదు. పిల్లవాడు తెలివైనవాడే. అడగాల్సిన ప్రశ్న అతనికెవరూ నేర్పలేదు, అంతే. ఆ ప్రశ్న నేర్పే చదువు పేరే స్టాటిస్టిక్స్.

మీకిది కొత్త కాదులెండి. గుంటలో రొయ్య ఎంత పెరిగిందో చూడ్డానికి మీరు నీళ్ళన్నీ తోడెయ్యరు, వల వేస్తారు. మేత పడే చోట ఒక్కసారి వేసి కౌంట్, అంటే కిలోకి ఎన్ని రొయ్యలో, చెబితే మీరు నమ్మరు, నాలుగు పక్కలా వేయిస్తారు. కౌంట్ యాభై అన్నా, అందులో నలభైవీ ఉంటాయి, డెబ్భైవీ ఉంటాయని, ఆ తేడా మీదే కొనేవాడు బేరమాడతాడని మీకు తెలుసు. ఎన్ని వలలు వేస్తే చాలు, వచ్చిన లెక్కలో ఎంత తప్పు ఉండొచ్చు, ఆ తప్పుతో నిర్ణయం తీసుకోవచ్చా, ఇవి మీరు అనుభవంతో తేల్చుకుంటారు. పాప వీటిని లెక్క కట్టి నిరూపించడం నేర్చుకుంటుంది.

ఇక చదువు నడిచే తీరు. మొదటి సెమిస్టర్ మోసం చేస్తుంది. సగటు, మధ్యగతం, బాహుళకం అని పదో తరగతి పాఠాలే కనిపిస్తాయి. ‘ఇంతేనా’ అని పిల్లలు సెల్‌ఫోన్ పట్టుకుంటారు. రెండో సెమిస్టర్‌కల్లా మూమెంట్ జెనరేటింగ్ ఫంక్షన్లు, పంపిణీలు మీద పడతాయి, కలనం మరిచిపోయిన పిల్లలు అక్కడ తడబడతారు. తర్వాత అంచనా వేయడం, పరికల్పనలు పరీక్షించడం వస్తాయి. చివర్లో శాంపుల్ సర్వేలు, ప్రయోగాల రూపకల్పన, కాలశ్రేణులు. నాకు ఇష్టమైన భాగం ఆ ప్రయోగాల రూపకల్పన. ఎరువు పనిచేసిందా, నేల మంచిదై పంట బాగా వచ్చిందా అన్నది విడదీసి చెప్పే విద్య అది. ఇంగ్లండ్‌లో రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1919లో చేరిన ఫిషర్ అనే స్టాటిస్టీషియన్ దానికి పునాది వేశాడు. అంటే ఈ సబ్జెక్టులో పెద్ద ముక్క పొలంలోనే పుట్టింది, కంప్యూటర్‌లో కాదు.

ఎమ్మెస్సీకి వెళ్ళాక అసలు మెట్టు ఎదురవుతుంది. రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా, మెజర్ థియరీతో చెప్పే సంభావ్యత. అక్కడ ఒక ఏడాది ఏడుపొస్తుంది. డిగ్రీలో మ్యాథ్స్‌ని రెండో సబ్జెక్టుగా తీసుకోమని నేను పట్టుబట్టేది అందుకే. కంప్యూటర్స్ బయటైనా నేర్చుకోవచ్చు, రియల్ అనాలిసిస్ యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నవాళ్ళు నాకు అరుదుగా కనిపించారు.

కాబట్టి, మీకు చెప్పాల్సిన అసలు మాట ఇది. మూడేళ్ళ బీఎస్సీతో ఆపేసేట్టయితే స్టాటిస్టిక్స్ వద్దు. ఆ లెక్కన బీటెక్కే నయం, క్యాంపస్‌కి కంపెనీలైనా వస్తాయి. స్టాటిస్టిక్స్ ఆలస్యంగా కాసే చెట్టు. ఎమ్మెస్సీ దాకా, అంటే ఐదేళ్ళు, ‘ఇంకా చదువేనా’ అని అడక్కుండా ఉండగలరా? ఉండగలిగితే నాకు దిగులు లేదు, మీకూ అక్కర్లేదు.

ఉద్యోగాల గురించి. కోతలప్పుడు కోవూరు వైపు వరి పొలాల్లో ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు కొలిచి, ఆ చదరంలో వరి విడిగా కోసి తూచి రాసుకోవడం చూసే ఉంటారు. పంట కోత ప్రయోగాలంటే అవే. చదరం ఎక్కడ పడాలో రైతూ చెప్పడు, ఆఫీసరూ చెప్పడు, ర్యాండమ్ నంబర్లు చెబుతాయి. దిగుబడి అంచనాలకూ, పంటల బీమాకూ ఆ తూకం ఒక ముఖ్య ఆధారం. మండలాల్లో ఈ పని చూసే అసిస్టెంట్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టులు ఏపీపీఎస్సీ భర్తీ చేస్తుంది. కేంద్రంలో స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్ పరీక్ష ద్వారా జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్. వీటికి డిగ్రీ చాలు. అన్నిటికన్నా పెద్దది యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్. దానికీ డిగ్రీ చాలంటారు గానీ పేపర్లు చూస్తే పీజీ చదవనివాళ్ళకు కష్టమని తెలిసిపోతుంది, పోస్టులు కూడా ఏటా పదుల్లోనే. రిజర్వ్ బ్యాంకు స్టాటిస్టిక్స్ విభాగానికి సాధారణంగా పీజీ అడుగుతారు. ప్రైవేటులో హైదరాబాద్ ఫార్మా కంపెనీలకు మందుల ట్రయల్స్ లెక్కలు చూసే బయోస్టాటిస్టీషియన్లు కావాలి, బ్యాంకులకు అప్పుల రిస్కు లెక్కించేవాళ్ళు కావాలి, బీమా కంపెనీలకు ప్రీమియం ఎంతుండాలో లెక్కకట్టే యాక్చువరీలు కావాలి. ఇవేవీ విడవలూరులో పక్కింటివాళ్ళకు తెలిసిన పేర్లు కావు. తెలియనంత మాత్రాన లేనట్టు కాదు.

స్టాటిస్టిక్స్‌లో ప్రపంచమంతా పేరున్న సి.ఆర్. రావుగారి పేరు చెప్పి పిల్లల్ని బెదరగొట్టడం నాకిష్టముండదు గానీ, మీలాంటి తండ్రులకు ఆయన సంగతి పనికొస్తుంది. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో పీజీ చేసి ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళారు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలిసి 1941లో శిక్షణకు చేరారు. 1945లో ఆయన రాసిన ఒక్క పరిశోధన పత్రంలోని ఫలితాలు ఇవాళ ప్రపంచంలో దాదాపు ప్రతి ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ సిలబస్‌లో ఉన్నాయి. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది, అప్పటికి ఆయనకు నూట రెండేళ్ళు. ర్యాంకు తగ్గిందని పాప జీవితం అయిపోయినట్టు మీరు మాట్లాడుతున్నారు కాబట్టి చెప్పాను.

డబ్బు విషయం కూడా మాట్లాడుకుందాం. మేనేజ్‌మెంట్ సీటుకు నాలుగేళ్ళూ కట్టాలి. ఒక రొయ్యల పంట వైట్‌స్పాట్ జబ్బుతో పోతే ఆ ఏడు ఫీజు ఎక్కడినుంచి తెస్తారు? తాకట్టు పెట్టి కట్టిన ఫీజు పిల్ల నెత్తిన బరువు. ‘ఇంత పోశాం’ అని మీరు అనకపోయినా ఆమెకు వినబడుతుంది. డిగ్రీలో మిగిలినదాంట్లో ఒక మంచి ల్యాప్‌టాప్ కొనివ్వండి, మొదటి ఏడే ఆర్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలు మొదలుపెట్టమనండి. మిగతాది పీజీ హాస్టల్‌కి దాచండి. తిరుపతి ఎస్వీయూ, ఆంధ్రా యూనివర్సిటీలకు పీజీసెట్ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి, పాండిచ్చేరికి సీయూఈటీ పీజీ. ఐఐటీలకైతే జామ్ అనే ఎంట్రన్స్‌లో మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ పేపర్. ఈఏపీసెట్ పోయిందని బాధపడే పిల్లకు ఇదో రెండో తలుపు, చాలామంది దీన్ని తట్టనే తట్టరు.

సంబంధాల మాటకు నా దగ్గర జవాబు లేదు, ఉన్నా చెప్పను. ఇంటర్ ఇప్పుడే ముగించిన పిల్ల కోర్సుని ఇంకా పేరు కూడా తెలియని అల్లుడి ఇష్టం ప్రకారం ఎంచుతారా అన్నా? కొడుకైతే ఈ ప్రశ్న అడిగేవారా?

ఈ వారంలో చేయాల్సింది ఒకటుంది. పాపను వెంటబెట్టుకుని కాలేజీకి వెళ్ళండి. కోర్సు జాబితాలో స్టాటిస్టిక్స్ మేజర్ ఉండటం వేరు, క్లాసు నడవడం వేరు. నిరుడు ఎంతమంది చేరారు, రెగ్యులర్ లెక్చరర్ ఉన్నారా, గెస్టు మీదే నెట్టుకొస్తున్నారా అని అడగండి. ఇద్దరు సీనియర్ల ప్రాక్టికల్ రికార్డులు పక్కపక్కన పెట్టి చూడండి. లెక్కలూ, దశాంశాలూ, కొట్టివేతలూ ఒకేలా ఉంటే అక్కడ ల్యాబు జరగట్లేదు, రికార్డు కాపీ జరుగుతోంది. అలాంటిచోట చేర్చకండి, హాస్టల్ ఖర్చైనా సరే తిరుపతో విశాఖో పంపండి. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు మీరు పక్కన కూర్చోండి, నొక్కేది మాత్రం పాపే నొక్కాలి, నెట్ సెంటర్ కుర్రాడు కాదు.