ఎండుగడ్డి అరగని గేదెకు ఎంజైమ్ పొడి పనికొస్తుందా?

రెండు పాడి గేదెలకు ఎండుగడ్డి, తవుడు, ఉడికించిన నూకల జావ పెడుతున్నామని, పేడలో గడ్డి పరకలు అలాగే పడుతున్నాయని, మందుల దుకాణంలో కుడితిలో కలపమంటూ ఎంజైమ్ పొడి ఇచ్చారని, అది వాడవచ్చా అని నరసన్నపేట నుంచి మీరు అడిగారు. చీపురుపల్లి దగ్గర మా ఇంట్లో నాలుగు గేదెలున్నాయి. మీరు అడిగిన పనినే నేను మూడేళ్ళ క్రితం చేసి చూశాను కనుక ఆ అనుభవం నుంచే చెబుతున్నాను.

అప్పట్లో నేను ఆ పొడిని రోజూ పొద్దున్నే పొగలు కక్కుతున్న కుడితిలో కలిపి నెల రోజులు పట్టించాను. పాలు పెరగలేదు, పేడ మారలేదు. మాకు తెలిసిన పశువైద్యునితో ఈ మాట అంటే ఆయన నవ్వి, "ఉడికిన గుడ్లను కోడి కింద పొదగేశారన్నమాట" అన్నారు. ఎంజైమ్ అనేది మాంసకృత్తు. మరిగే వేడికి దాని రూపు చెడిపోతుంది, ఆ తరువాత చల్లార్చినా పనిచేయదు.

వేడి సంగతి అలా ఉంచితే, అసలు చిక్కు మరొకటి ఉంది. గడ్డిలోని పీచును విరిచే సెల్యులేజ్, జైలనేజ్ అనే ఎంజైములను గేదె మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు తామే తయారు చేసుకుంటాయి. ప్యాకెట్లో వచ్చేవి ఎక్కువగా ట్రైకోడెర్మా, ఆస్పర్జిల్లస్ అనే బూజుల నుంచి తీసినవి. వీటి శక్తిని సాధారణంగా 50 డిగ్రీల వేడిలో, బాగా పులుపున్న ద్రావణంలో కొలుస్తారు. గేదె పొట్టలో వేడి 39 డిగ్రీలే, పులుపు కూడా అంత ఉండదు. అందువల్ల ప్యాకెట్ మీద ఎన్ని వేల యూనిట్లు అచ్చు వేసినా పొట్టలో అంత పని జరుగుతుందని అనుకోవడానికి లేదు. పైగా వరిగడ్డిలో పీచును కప్పి ఉంచే లిగ్నిన్‌ను ఈ ఎంజైములు కరిగించలేవు.

మరి మీ గేదెకు పరకలు ఎందుకు అరగడం లేదు? వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్ళకు మించవు. తిండి లేని కూలీలు కోత కోయనట్టే, మాంసకృత్తుల నుంచి వచ్చే నత్రజని అందని సూక్ష్మజీవులు పీచును విరవలేవు. దానికి తోడు నూకల జావ ఎక్కువైతే పొట్ట త్వరగా పులుస్తుంది. పులుపును కొలిచే ఉదజని సూచిక (pH) 6 కన్నా దిగిన కొద్దీ, అంటే పులుపు పెరిగిన కొద్దీ, పీచును అరిగించే సూక్ష్మజీవులు మందగిస్తాయి. మన వైపు ఈనిన గేదెకు బలమని జావను బకెట్ల కొద్దీ పోసే అలవాటే చాలా ఇళ్ళలో అరుగుదలను చెడగొడుతోందని నా అభిప్రాయం.

నేను చేసినది ఇది. జావను సగానికి తగ్గించి, వేరుశనగ చెక్కను, పూటకు ఒక మోపు పచ్చగడ్డిని చేర్చాను. నత్రజని కోసం 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరబడకుండా టార్పాలిన్ కప్పి మూడు వారాలు మాగబెట్టాను. తీసిన గడ్డిని ఘాటు పోయేదాకా గంటసేపు ఆరబెట్టి, మొదట కొద్దికొద్దిగా అలవాటు చేశాను. ఆరు నెలల లోపు దూడలకు దీనిని పెట్టకూడదు. యూరియా నీళ్ళున్న బకెట్‌ను పశువుకు అందే చోట వదిలితే ప్రాణానికే ముప్పు.

మార్పును జల్లెడతో చూశాను. పిడికెడు పేడను పిండి జల్లెడలో వేసి, నీళ్ళు పోస్తూ కడిగితే మొదట్లో వేలి పొడవు పరకలు గుత్తులుగా మిగిలేవి. నెలన్నర తరువాత అడుగున మిగిలినది చాలా వరకు నలిగిన పొట్టు మాత్రమే. పాలు పూటకు అర లీటరు దాకా ఎక్కువగా వచ్చాయి, అయితే అందులో పచ్చగడ్డి వంతు ఎంతో, మాగిన గడ్డి వంతు ఎంతో నేను విడదీసి చెప్పలేను.

ఇప్పటికే కొన్న పొడిని పారవేయనక్కరలేదు. గడువు తేదీ చూసి, ప్యాకెట్ మీద చెప్పిన మోతాదునే చల్లని నీటిలో కలిపి, మేపడానికి కొన్ని గంటల ముందు మామూలు ఎండుగడ్డి మీద సమంగా చల్లండి. ఎంజైము మేతను పట్టుకొని ఉంటే పొట్టలో కొంతసేపు నిలుస్తుంది. మోతాదు రెట్టింపు చేసినంత మాత్రాన ఫలితం పెరగదు. నెమరు పూర్తిగా మానినా, పొట్ట ఎడమవైపు ఉబ్బినా పొడి కోసం చూడకుండా అదే పూట పశువైద్యుణ్ణి పిలవండి.